నోట్లో ఫుఫు ఉన్నంతసేపు

నానా త్వుమాసీ తరఫున మాట్లాడటానికి ఇంకో మనిషి కావాలంటే అబెన్‌క్రో ఊళ్ళో కోళ్ళు కూడా నవ్వుకుంటాయి. ఆయన నిద్రలో మాట్లాడతాడు, తుమ్ముకీ తుమ్ముకీ మధ్య మాట్లాడతాడు. ఎదుటివాడు నోరు తెరిచేలోపే వాడి మాట పూర్తిచేసి, దానికి జవాబు కూడా తనే చెప్పేస్తాడు. ఈ వర్ణన నాది కాదు, ఆయనదే. తన గురించి చెప్పుకునేటప్పుడు ఇప్పుడాయన ఇంతకన్నా ఘోరంగా చెప్పుకుంటాడు.

కానీ ఆచారం ఆచారమే. పీఠమెక్కి 'నానా' అని పిలిపించుకునే నాయకుడెవరూ సభలో జనంతో నేరుగా మాట్లాడకూడదు. నానా మెల్లగా చెబుతాడు. బంగారు రేకు తొడిగిన కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డ ఒచియామె ఆ మాటను అందుకుని, ఉప్పూ తీపీ కలిపి జనానికి అందిస్తాడు. క్వాబెనా త్వుమాసీ కుమాసీలో, సువామె మ్యాగజీన్ వీధుల్లో లారీల స్పేర్ పార్టులు అమ్మి పైకొచ్చినవాడు. సొంతూరికి బోరుబావులు తవ్వించాడని, బడి గదులు కట్టించాడని ఊరు ఆయనకు అభివృద్ధి నానా పదవి కట్టబెట్టింది. అప్పుడు ఆయన కోరింది ఒక్కటే, తన ఒచియామెగా యావ్ అసుబొంటెంగ్ ఉండాలని. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూచుని ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాళ్ళు.

యావ్ పనితనం ఊరంతటికీ తెలుసు. "ఆ బోరు పంపు మళ్ళీ విరగ్గొట్టారంటే ఒక్కొక్కడి తాట తీస్తానని చెప్పు" అని నానా గొణిగితే, యావ్ కర్ర ఎత్తి, "ఆ నీళ్ళను పసిబిడ్డలా చూసుకోమని నానా మిమ్మల్ని బతిమాలుకుంటున్నారు" అనేవాడు. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. తనంత మంచివాడు ఈ చుట్టుపక్కల లేడని నానా కూడా నమ్మేవాడు.

పదవిచ్చిన రోజున ఊరి తరఫున కొత్త నానాకు బుద్ధులు చెప్పింది కూడా యావే. చెవులు మొద్దుబారనివ్వొద్దు, మా దగ్గర టైము లేదని అనొద్దు, ఇలా చాలానే చెప్పాడు. నానా అన్నిటికీ తలూపాడు. నిజానికి ఒక్కటీ వినలేదు. తర్వాత తను ఏం మాట్లాడాలా అని ఆలోచించుకుంటున్నాడు.

ఆ మరుసటేడు కెజెటియా మార్కెట్ ముందు రోడ్డు దాటుతుంటే మోటారుసైకిలు గుద్ది, యావ్ తల కాలవ గట్టుకు కొట్టుకుంది. మనిషి బతికాడు. కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. చెప్పింది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదేమిటో తెలుసు, మాట మాత్రం దొరకదు. నీళ్ళు కావాలంటే "గొడుగు" అనేవాడు. అది కాదని తనకే తెలిసి, తల గోడకేసి తిప్పుకునేవాడు. ఊళ్ళో అందరికన్నా తియ్యగా మాట్లాడే మనిషికి అలా జరిగింది.

నానా తట్టుకోలేకపోయాడు. తట్టుకోలేనప్పుడు ఆయన చేసే పని ఒక్కటే, చేతిలో డబ్బు పట్టుకుని బయల్దేరడం. అలా పెద్దాసుపత్రి వెనక, బట్టలుతికే షెడ్డు పక్క గదిలో డాక్టర్ సెర్వా దొరికింది. తలకు దెబ్బ తగిలి మాట పోయినవాళ్ళ మీద ఆవిడ ఒంటిచేత్తో పరిశోధన చేస్తోంది.

"ఏ పార్టు పోయిందో చెప్పు తల్లీ. జపాన్‌దైనా జర్మనీదైనా తెప్పిస్తా. ఒరిజినలే. సెకండ్ హ్యాండ్ మాటే లేదు" అన్నాడు నానా కూచోకుండానే.

"మెదడుకి షోరూములు లేవు నానా. కూచోండి" అని ఆవిడ ఒక బొమ్మ ముందుకు తోసింది. "ఇదేమిటో చెప్పండి."

నానా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముక్కుకి క్యారెట్ పెట్టుకున్న తెల్లదెయ్యం."

"మంచుతో చేసిన బొమ్మ. మీకు ఒక మార్కు పోయింది."

"నా నోరు బాగానే ఉందిగా!"

"అదే కదా నా ఏడుపు. మాట ఎంత పోయిందో కొలిచే పరీక్షలన్నీ మంచు పడే దేశాలవాళ్ళు రాసుకున్నవి. మన మనిషికి రోలూ రోకలీ బొమ్మ చూపించాలి, మన ట్వీ భాషలో అడగాలి. అది తయారుచెయ్యాలి. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళకి ఆగడం నేర్పాలి."

"ఏం నేర్పాలి?"

"ఆగడం. ఆయన మాట వెతుక్కుంటుంటే మీరు అందించకుండా కూచోవడం. దానివల్ల ఎంత మేలు జరుగుతోందో కొలుస్తున్నాను."

నోరు మూసుకుని కూచోవడం నేర్పడానికి కూడా డబ్బు ఖర్చవుతుందని నానా జన్మలో అనుకోలేదు. అయినా ఇచ్చాడు, వెనకాడకుండా ఇచ్చాడు. ఇద్దరు సహాయకులు వచ్చారు, బొమ్మలు గీసే మనిషి వచ్చాడు, యంత్రాలు వచ్చాయి. అన్నిటికన్నా ముందు 'త్వుమాసీ ఫౌండేషన్' అన్న బోర్డు వచ్చింది. అది గదికన్నా వెడల్పు. దానివల్ల ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోయి, పట్టపగలు కూడా దీపం వేసుకుని పరిశోధన చెయ్యాల్సి వచ్చింది. దానం చేసినవాడి వెలుగు అలా ఉంటుందని ఇప్పుడు నానాయే నవ్వుతాడు.

యావ్‌తో కూచుని మాట్లాడే మనిషిగా డాక్టరమ్మ నానానే ఎంచుకుంది. తప్పు చేసింది.

"నా..." అని యావ్ మొదలుపెట్టాడు.

"నాలుకా? నడుమా? నడుం నొప్పా? నాకు తెలుసు, ఈ కుర్చీలు మార్పించాలి. ఎవరక్కడ!"

యావ్ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, "నా..." అన్నాడు.

"నా భార్యెక్కడ అంటున్నాడమ్మా. వస్తోందిరా, అచియా బయటే ఉంది."

డాక్టర్ సెర్వా కలం బల్లమీద పడేసింది. "ఇక్కడికొచ్చిన వాళ్ళందరిలోకీ బాగుచెయ్యడం కష్టమయ్యేది మీరే నానా."

పెద్దవాళ్ళ దగ్గరకు ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదు కాబట్టి, ఓ రోజు నానా డాక్టరమ్మ కోసం ష్నాప్స్ సారా సీసా తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆవిడ ఇంకా రాలేదు. యావ్ ఆ సీసా వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, చెప్పులు విడిచి, భుజం మీది గుడ్డ నడుం దాకా దించి, మూత తీశాడు.

"ఆసాసె యా తల్లీ, భూమి తల్లీ, ఇదిగో నీ పానీయం. ముందు నడిచిన పెద్దలారా, లేవండి, ఇదిగో మీ పానీయం. పిలిచింది చెడుకు కాదు..."

ఎక్కడా తడబాటు లేదు. పాత గొంతు, పాత దర్జా. ఆసుపత్రి నాపరాళ్ళ మీద ష్నాప్స్ ధార కట్టింది. సహాయకులిద్దరూ తమకు తెలియకుండానే తథాస్తు అన్నట్టు "వియే!" అని పలికారు. నానా ఎగిరి గంతేశాడు. అప్పుడే లోపలికొచ్చిన డాక్టరమ్మను కౌగిలించుకోబోయి, ఆగి, తలుపువైపు పరిగెత్తాడు.

"నానా, ఒక్క నిమిషం! అది మీరనుకుంటున్నది కాదు..."

"నాకు టైము లేదు తల్లీ!"

టైమంతా ఆయన రేడియోకి ఇచ్చాడు. మర్నాడు పొద్దున కుమాసీలో ట్రోట్రో వ్యానులన్నిటిలోనూ, మొక్కజొన్న కెంకె ముద్దలు అమ్మేవాళ్ళ బల్లలన్నిటిమీదా నానా త్వుమాసీ గొంతే. "మాట పోయినవాళ్ళకి మాట తెప్పించాం! నా ఒచియామె లేచి నిలబడి పెద్దలకు ధార పోశాడు! త్వుమాసీ ఫౌండేషన్!" అలా బార్లా తెరిచిన నోరు ఆ పూటంతా మూతపడలేదు.

మూడో పొద్దుకు ఆ గది ముందు జనం. ఒబువాసీ నుంచి లారీ డ్రైవరు భర్తను రెక్క పట్టుకుని తీసుకొచ్చిన ఆవిడ, టెచిమాన్ నుంచి దర్జీ తండ్రిని వీపున మోసుకొచ్చిన కొడుకు, ఇంకా ఎందరో. అందరిదీ ఒకటే ప్రశ్న: రేడియో మందు ఎక్కడ?

డాక్టర్ సెర్వా నానాను గుమ్మం లోపలికి లాక్కెళ్ళింది. "చిన్నప్పట్నించీ నోటికొచ్చిన ప్రార్థనలూ పాటలూ తలలో ఇంకోచోట ఉంటాయి నానా. అవి ఆయనకి పోలేదు. తన మాట తను వెతుక్కుని పలకడం వేరే పని. అది ఇంకా పాకుతోంది, లేచి నడవలేదు. ఆ మాట చెబుదామంటే మీకు టైము లేదు."

"అయితే... మందు..."

"మందెక్కడిది? ఉన్నది పని. వీళ్ళకి ఆ ముక్క నేను చెప్పను. మీరే చెప్పండి. మాటలు ఎక్కువున్నది మీ దగ్గరేగా."

నానా ఆ గుంపు వంక చూశాడు. ఒబువాసీ ఆవిడ ఆయన్ని గుర్తుపట్టి, రెండు చేతులూ పైకెత్తి దీవించింది. ఆయన వెనక గేటులోంచి పారిపోయాడు. అవును, పారిపోయాడు. కిటికీ కనక తెరిచి ఉంటే అందులోంచే దూకేవాణ్ణని ఇప్పుడంటాడు.

ఇంటి దగ్గర ఇంకోటి కాచుకుని ఉంది. ఊరి పెద్దల్లో పెద్ద ఒపానియిన్ బెడియాకో వచ్చి కూచున్నాడు. అంతకుముందు ఆయన, యావ్‌కి విశ్రాంతినిచ్చి కర్ర తన మేనల్లుడికి ఇద్దామని, అది కూడా నలుగురికీ తెలియకుండా, గౌరవంగా చేద్దామని అనేవాడు.

"రేడియోలో విన్నానయ్యా. సంతోషం" అన్నాడు బెడియాకో. "నోరొచ్చిందన్నావు కాబట్టి, వచ్చే అక్వాసిదాయె పండక్కి యావ్ నీ మాట జనానికి చెప్తాడు. చెప్తే కర్ర చచ్చేదాకా అతనిదే. చెప్పలేకపోతే అక్కడికక్కడే, అందరి ముందూ, నా మేనల్లుడు అందుకుంటాడు. న్యాయమేనా?"

న్యాయమే. గుట్టుగా పోవలసిన కర్రను ఊరి నడిమధ్య లాగేసుకునేలా చేసింది తనే. స్నేహితుడి గొంతు కోయడానికి శత్రువులు అక్కర్లేదు, తనలాంటి దాత ఒకడుంటే చాలుననుకున్నాడు నానా.

యావ్ ఇంటికి వెళ్ళేసరికి అచియా ఉడికిన కర్రపెండలం రోట్లో వేసి ఫుఫు దంచుతోంది. కోపమొస్తే ఆవిడ నానా అనదు.

"రండి క్వాబెనా అన్నయ్యా, రండి. రేడియోలో మా ఆయన చాలా బాగా మాట్లాడుతున్నాడట. ఇంట్లో కూడా కాస్త మాట్లాడించి పోండి."

నానా తల వంచుకుని పీట మీద కూచున్నాడు. దారి పొడుగునా ఆలోచించిన ఉపాయం యావ్ ముందు పెట్టాడు. "ఏం కంగారు పడకు. పండగ రోజున నేనేదో గొణుగుతా. నువ్వు ధార పోసేటప్పటి మాటలే మళ్ళీ తిప్పి చెప్పు. నేను తలూపుతా. ఎవడికి తెలుస్తుంది? బెడియాకోకి ఎలాగూ సగం చెవుడు."

యావ్ తల అడ్డంగా ఊపాడు. "కా... దు."

"మరేం చేద్దాం?"

"ని..."

"నిద్రా? నిప్పా? నిన్నటి..."

"ముందు తినండి!" అని అచియా ఇద్దరి మధ్యా గిన్నె పెట్టింది. వేరుసెనగ పులుసు పొగలు కక్కుతోంది. సిగ్గుతో నానా చేతికొచ్చినంత ఫుఫు తుంచి, పులుసులో ముంచి, నోట్లో వేసుకున్నాడు. ఫుఫు నమిలేది కాదు, మింగేది. అంత ముద్ద మింగుడు పడలేదు. పెట్టిన ఇంట్లో, ఆవిడ చూస్తుండగా ఉమ్మేసే వీల్లేదు. బుగ్గలు ఉబ్బి, కళ్ళు తేలేసి, నానా అలా కూచుండిపోయాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోరు అంతసేపు మరొకరికి దారి ఇవ్వడం అదే మొదలు.

యావ్ ఆయన వంక అనుమానంగా చూశాడు. ఎవరూ అందించడంలేదు. ఎవరూ తొందరపెట్టడంలేదు. పెదాలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి.

"ని... జం" అన్నాడు. కాసేపాగి, "చెప్పు."

అచియా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నాకు..." యావ్ వేలు తన గుండె మీద పెట్టుకున్నాడు. "భయం... లేదు." ఆ వేలే నానా వైపు తిరిగింది. "నీకు... భయం."

ముద్ద గొంతు దిగింది. నానా కళ్ళ నిండా నీళ్ళు. గుడ్డ చెంగుతో తుడుచుకుని, "మిరపకాయ కాస్త ఎక్కువేసినట్టున్నావు చెల్లెమ్మా" అన్నాడు.

"ఇవాళ మిరపకాయే వెయ్యలేదు" అంది అచియా.

ఆ గదిలో 'నా' దగ్గర, ఇక్కడ 'ని' దగ్గర, ఇంకా ఎన్నో చోట్ల తను తొక్కేసిన మాటలన్నీ నానాకి గుర్తొచ్చాయి. తన మిత్రుడు ఎక్కడికీ పోలేదు. తను తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు, అంతే.

పండగనాడు అబెన్‌క్రో మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. పెద్ద గొడుగులు తిరుగుతున్నాయి, డప్పులు మోగుతున్నాయి. ఆసుపత్రి దగ్గర కాచుకుని ఉన్నవాళ్ళందరినీ నానా తన లారీల్లోనే రప్పించి, వెనక వరసల్లో నీడన కూచోబెట్టాడు. వాళ్ళ మధ్య డాక్టర్ సెర్వా. ఎదురుగా బెడియాకో, ఆయన పక్కన తెల్లగుడ్డ కట్టుకుని సిద్ధంగా ఉన్న మేనల్లుడు.

యావ్ ధార పోశాడు. ప్రతి మాటకూ మైదానమంతా "వియే!" అంది. బెడియాకో కూడా అన్నాడు. ఒబువాసీ ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని, "విన్నావా, విన్నావా" అంటోంది. ఆ మాట వినపడి నానా తల దించుకున్నాడు.

అప్పుడు నానా యావ్ వైపు వంగి చెప్పడం మొదలుపెట్టాడు. నిజమే చెప్పాడు. కానీ ఆయన చెప్పినట్టు చెప్పాడు. బోరుబావుల దగ్గర ఎత్తుకుని, స్పేర్ పార్టుల మీదుగా వెళ్ళి, తన మంచి మనసును పలకరించి, రేడియోవాళ్ళ మీద కాస్త తోసి, చివరికెప్పుడో తప్పు దగ్గరకు చేరాడు. గొడుగు పట్టినవాడు చెయ్యి మార్చుకున్నాడు. యావ్ చివరిదాకా విని, జనం వైపు తిరిగి, కర్ర నేలకు తాటించాడు.

"నానా..." అన్నాడు. ఆగిపోయాడు.

డప్పులు ఆగాయి. యావ్ మెడ మీద నరం కనిపిస్తోంది. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. బెడియాకో మేనల్లుడు ఒక అడుగు ముందుకేసి చెయ్యి చాపాడు. నానా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. గొణిగితే చాలు, యావ్ అందుకుంటాడు, గండం గడుస్తుంది. కానీ నోట్లో ఫుఫు ముద్ద ఉన్నట్టే అనుకుని, బుగ్గలు బిగబట్టి, ఆయన గుడ్లు మిటకరించుకుని కూచున్నాడు. ఆ ఫొటో మర్నాడు పేపర్లో పడింది. దాత గంభీరంగా ఉన్నారని రాశారు.

"నానా... అబద్ధం... చెప్పాడు" అన్నాడు యావ్.

ఎవరో కెవ్వుమన్నారు. ఒక ఒచియామె తన నానాను నడిసభలో అలా అనడం ఆ మైదానం ఎన్నడూ వినలేదు. నానా అవునని తలూపాడు.

"మందు... లేదు." వెనక వరసల్లో ఒక ఏడుపు. యావ్ ఆ ఏడుపు వైపే తిరిగాడు. "పని... ఉంది. నేనూ... ఇంకా... పని." ఊపిరి పీల్చుకున్నాడు. "మీరు... ఆగండి. వినండి. వాళ్ళు..." అక్కడ మాట జారిపోయింది. ఊరంతా కాచుకుంది. "వాళ్ళు... లోపలే... ఉన్నారు."

ఆ చివరి మాట నానా చెప్పింది కాదు. ఆయన చెప్పినదానికి ఒచియామె కలిపినది.

ఒబువాసీ ఆవిడ ఏడుపు ఆపి, భర్త ముఖంలోకి చూసింది. "మీరు లోపలే ఉన్నారా?" అని అడిగింది. అడిగి, జవాబు తను చెప్పకుండా ఆగింది. ఆ లారీ డ్రైవరు చాలాసేపటికి ఆవిడ వేలు నొక్కాడు.

బెడియాకో లేచాడు. మేనల్లుడు చాపిన చెయ్యి మీద ఒక్కటిచ్చి కిందకు దించాడు. "ఎన్నేళ్ళుగానో ఈ నానా మాటలు వింటున్నాను. ఆయన ఏమంటున్నాడో నాకు అర్థమవడం ఇదే మొదటిసారి. కర్ర ఉన్నచోటే ఉండనీ."

మైదానం గొల్లున నవ్వింది. నానా గుండె నిండిపోయింది. ఈ శుభ సమయంలో రెండు ముక్కలు చెప్పకపోతే ఎలా అని నోరు తెరవబోయాడు. యావ్ కర్ర అడ్డం పెట్టాడు.

"చాలు" అన్నాడు. ఈసారి తడుముకోలేదు.

మర్నాడు నానా స్వయంగా నిచ్చెనెక్కి కిటికీ మీది బోర్డు విప్పేశాడు. ఆ బోర్డు ఇప్పుడు గది వెనక బల్లగా ఉంది. మాట పోయినవాళ్ళ ఇంటివాళ్ళు దానిమీద కూచుని ఆగడం నేర్చుకుంటారు. ఆగలేనివాళ్ళకు ధైర్యం చెప్పమని డాక్టరమ్మ నానాను పిలుస్తుంది. ఆయన వచ్చి ఈ కథంతా, మంచు దెయ్యం దగ్గర్నుంచి మొదలుపెట్టి, మధ్యాహ్నం దాటేదాకా చెబుతాడు. అంతా అయ్యాక, ఆచారం ప్రకారం, యావ్ లేచి దాన్ని జనానికి అందిస్తాడు.

"ఫుఫు... తిన్నాడు" అంటాడు. తర్వాతి మాట కోసం వెతుక్కుంటాడు. నానా పక్కనే బుగ్గలు బిగబట్టుకుని కూచుని ఉంటాడు. "విన్నాడు."